తూర్పు గుమ్మం పడవ

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తాను. కానిస్టేబుల్ పరీక్షకు, బ్యాంకు పరీక్షకు, గ్రూప్స్‌కు చదివే పిల్లలకు. సిలబస్‌లో ‘పడవలు, ప్రవాహాలు’ అని ఒక చాప్టరుంది. పడవ ప్రవాహానికి ఎదురుగా గంటకు ఇన్ని కిలోమీటర్లు, వాలున ఇన్ని కిలోమీటర్లు పోతే, నిలకడ నీటిలో దాని వేగమెంత అని అడుగుతారు. ప్రతి బ్యాచ్‌కూ ఈ చాప్టరు చెప్పి, మెట్రోలో ఎల్బీనగర్ వచ్చి, అక్కణ్ణుంచి మీర్‌పేట్ వైపు షేర్ ఆటో ఎక్కి, దిగి, ఏడు మెట్ల నిచ్చెన మీదుగా పడవలోకి వెళ్లి వంట చేసుకునేదాన్ని. ఆ పడవ వేగం పదకొండేళ్లపాటు సున్నా.

నిజంగానే పడవ. కాటమరాన్ అంటారు. రెండు సన్నని పడవల్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో గది కట్టినట్టుంటుంది. ముప్పై నాలుగు అడుగుల పొడవు, పంతొమ్మిది అడుగుల వెడల్పు. మధ్య గదిలో సోఫా, మడతపెట్టే టేబులు, ఒక మూల వంటగట్టు. అటొక కాలు, ఇటొక కాలు అనేవాడు మా ఆయన. ఒక్కో కాలులోకి మూడు మెట్లు దిగితే రెండు పడకలు, బీరువాలో దూరినట్టుండే బాత్రూము. ఎక్కడో విదేశంలో తయారై, గోవాలో ఏళ్ల తరబడి టూరిస్టులకు కిరాయికి తిరిగింది. ముసలిదయ్యాక ఒక సినిమా షూటింగ్ కోసం ట్రైలర్ మీద అబ్దుల్లాపూర్‌మెట్ దాకా వచ్చింది. షూటింగ్ అయిపోయాక దాన్ని మళ్లీ సముద్రానికి మోసుకెళ్లే ఓపిక ఎవరికీ లేకపోయింది. సెట్లకు ఫైబర్ పని చేసే మా ఆయన కంట్లో పడింది.

ఆయనది నల్గొండ పక్క పల్లె. మా పెళ్లయ్యేదాకా సముద్రం చూసిన మనిషి కాదు. నేను బందరులో పుట్టాను. సముద్రమంటే నాకు రేడియోలో తుఫాను హెచ్చరిక, తలుపు గడియలకు పట్టే తుప్పు. మా నాన్న తాలూకాఫీసులో గుమాస్తా, మా వంశంలో పడవెక్కినవాళ్లు లేరు. అలాంటి నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లి, పిచ్చిమొక్కల మధ్య మట్టికొట్టుకుపోయి ఉన్న ఆ పడవను చూపించి, నల్గొండ మనిషి మురిసిపోయాడు.

“ఏంటిది?” అన్నాను.

“మన ఇల్లు,” అన్నాడు. “ఆర్నెల్లు గిండ్ల ఉందం. రిపేరు చేస్త. సాగర్ డ్యామ్ నీళ్లల్ల దింపి కిరాయికిస్త. గా పైసలతోని మంచిగ స్లాబు ఇల్లు కట్టుకుందం. జర ఓపిక పట్టు.”

అప్పటికి మాకు రెండు వందల గజాల ప్లాటుంది. గల్లీ దక్షిణం నుంచి సూటిగా వచ్చి మా ప్లాటుకే గుద్దుకుని ఆగిపోతుంది. దాన్ని వీధిపోటు అంటారు, ఎవరూ కొనరు, అందుకే మాకు దొరికింది. ముందు వెడల్పు ముప్పై ఆరు అడుగులు, లోపలికి యాభై. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు. చుట్టూ తుమ్మచెట్లు, ఖాళీ ప్లాట్లు. ఖాళీగా వదిలేస్తే ఎవడో ఒకడు గోడ లేపి నాదే అంటాడని అక్కడ అందరికీ భయం. అందుకని ఒక రేకుల గది వేసి ఎవరినో ఒకరిని కాపలా ఉంచేవాళ్లు. మేం గదికి బదులు పడవ పెట్టాం. కాపలా మేమే.

పడవ వచ్చినరోజు ఖాళీ ప్లాట్ల మీదుగా ట్రైలర్ దర్జాగా వచ్చేసింది. క్రేన్‌తో ఎత్తి, ముక్కు లోపలికి, గుమ్మం గల్లీ వైపుకు వచ్చేలా దిమ్మెల మీద దించారు. ఈ రకం పడవలకు గుమ్మం వెనక భాగంలో ఉంటుంది. అప్పటికే మాతో ఉంటున్న మా అమ్మ ఆటో దిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

“దక్షిణ గుమ్మం. పైగా వీధిపోటు సూటిగా గుమ్మానికే. ఇందులో నేను పాలు పొంగించను, అడుగు పెట్టను,” అంది.

“అత్తమ్మా, ఇది పడవ. నీళ్లల్ల దీనికి దిక్కెక్కడుంటది?” అన్నాడు ఆయన నవ్వుతూ.

“నీళ్లలో ఉన్నప్పుడు మీ ఇష్టం బాబూ. నేలమీద ఉన్నన్నాళ్లూ ఇది ఇల్లే,” అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. “నువ్వేమంటవ్?”

నేను అమ్మ మాటకు వంతపాడాను అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను చాలా ఏళ్లు. అది కొంచెం తగ్గించి చెప్పడం. నేను పట్టుబట్టాను. తిప్పించకపోతే నేనూ ఎక్కనని ఆ క్రేన్ డ్రైవర్ ముందే అన్నాను. ఆయన పడవ పొట్టకింద పట్టీలు మళ్లీ కట్టించాడు. పడవ గాల్లో తిరుగుతుంటే దాని మూల పక్క ప్లాటులోకి కొంత పోయి వచ్చింది. అక్కడ తుమ్మచెట్లు తప్ప అడగడానికి ఎవరున్నారు? పడవ అడ్డంగా పడుకుంది, గుమ్మం తూర్పుకు తిరిగింది. మర్నాడు పొద్దున్నే ఎండ తిన్నగా వంటగట్టు మీద పడుతుంటే అమ్మ పాలు పొంగించి, అల్లుడికి ముందు గ్లాసు ఇచ్చింది.

ఆర్నెల్లు అయిపోయాయి. ఆయన రిపేరు చేస్తూనే ఉన్నాడు. ఒక పగులు పూడిస్తే ఇంకొకటి కనపడేది. వారమంతా సెట్ల పని, మిగిలిన పూట పడవ పని. ఆయన ఒంటికి ఎప్పుడూ ఫైబర్ అతికించే రెసిన్ జిగురు వాసన. ఏప్రిల్ వచ్చేసరికి లోపల ఉడికిపోయేవాళ్లం. ఫైబర్ గోడమీద చెయ్యి పెడితే చుర్రుమనేది. పడకమీద లేచి కూర్చోవాలంటే ముందు తల వంచుకోవాలి, నేను ఏడాదిపాటు మర్చిపోయి ఏడాదిపాటు నుదురు బొప్పి కట్టించుకున్నాను. గ్యాస్ సిలిండర్ ఏడు మెట్లు ఎక్కించడానికి వచ్చినవాడు ప్రతిసారీ, “ఇల్లు కట్టుకోరాదమ్మా,” అని ఒక సలహా పారేసి పోయేవాడు.

మూడో ఏడు పక్క ప్లాట్లు కదిలాయి. తూర్పుదీ పడమటిదీ అన్నదమ్ములవి. ఇద్దరూ ఒకే మేస్త్రీని పెట్టుకుని ఒకేసారి పునాదులు తీశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మకు ఒంట్లో బాగాలేక దవాఖానలో చేర్చాం. నేను పొద్దున క్లాసు, మధ్యాహ్నం దవాఖాన, మళ్లీ సాయంత్రం క్లాసు. అమ్మ ఇంటికి రాలేదు. పదకొండో రోజు అయ్యాక నేను తల ఎత్తి చూసేసరికి రెండు పక్కలా గోడలు లేచి ఉన్నాయి. ఆ తర్వాత మూడేసి అంతస్తులయ్యాయి.

అప్పట్నుంచి మా తూర్పు గుమ్మం తెరిస్తే అడుగు దూరంలో సిమెంటు గోడ. దాని మీద పక్కింటి బాత్రూము పైపులు. ఎండ లేదు, గాలి లేదు. గుమ్మంలోంచి బయటికొచ్చి, పడవ అంచు పట్టుకుని పక్కకు నడిచి, నిచ్చెన దిగితే గల్లీ. పడమటి వైపు ముక్కుకు అడుగు దూరంలో ఇంకో గోడ. పక్కాయన్ని బతిమాలి దానికి నీలం రంగు వేశాడు మా ఆయన. ఎందుకంటే, నీళ్లలో దింపి కిరాయికివ్వాల్సిన పడవను నేలమీదే కిరాయికివ్వడం మొదలుపెట్టాడు. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలు ఆదివారం వచ్చేవాళ్లు. నీలం గోడ ముందు, ముక్కు మీద నిలబడి చేతులు చాపేవాళ్లు. ఫొటోలో సముద్రంలాగే ఉండేదట.

ఆ ఆదివారాలు నాకు నరకం. ఫొటోలో మా బతుకు కనపడకూడదు కాబట్టి ఆరేసిన బట్టలతో సహా నేను ఎడమ కాలులోకి దిగి కూర్చోవాలి. దగ్గితే పైకి వినిపిస్తుంది. నెత్తిమీద ఎవరో పరిచయం లేని పిల్ల పకపకా నవ్వుతుంటే, గుండ్రటి కిటికీ పక్కన, నేను సోమవారం క్లాసుకు లెక్కలు రాసుకునేదాన్ని. ఒక్కోసారి పెన్ను పక్కన పెట్టి ఆ గోడలు చూస్తూ ఉండిపోయేదాన్ని. నా వయసు ఇందులో అయిపోతోంది అనుకునేదాన్ని. పైకి వెళ్లి ఆ పిల్లతో, దిగమ్మా తల్లీ, ఇది మునిగేది కాదు తేలేది కాదు, పెళ్లికి ముందే పారిపో అని చెప్పాలనిపించేది.

కోపమంతా ఆయన మీదే. మీ పడవ, మీ ప్లాటు, మీ ఆర్నెల్లు. కొత్తగా వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగేవాళ్లు, దీన్నిట్ల అడ్డం ఎవరు పెట్టారని. నేను గడ్డంతో ఆయన వైపు చూపించేదాన్ని. ఆయన నవ్వేసి, “అట్లనే వచ్చింది,” అనేవాడు.

ఒక వానాకాలం చెరువు పొంగి మా కాలనీ అంతా నీళ్లయింది. నడుంలోతు నీళ్లలో గల్లీ వాళ్లంతా పిల్లల్ని ఎత్తుకుని మా పడవెక్కారు. “ఇయ్యాల తేలుతదా అన్నా?” అని అందరూ ఒకటే ఆత్రం. ఆయన కిందికి దిగి దిమ్మెల దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ నిలబడ్డాడు. పడవ కదల్లేదు. నీళ్లు దాని పొట్టకు తగిలి వెనక్కి పోయాయి. నలభై మందికి నేను ఉప్మా చేశాను. ఆయన తడిబట్టలతో పైకొచ్చి, “ఇంకో రెండు ఫీట్లొస్తే తేలుతుండె,” అన్నాడు. ఊరంతా మునిగితే గానీ ఈయనకు తృప్తి ఉండదా అని తిట్టాను. కానీ నిజం చెప్పాలంటే ఆ పూట నేనూ నేల కదులుతుందేమోనని కాళ్లతో వింటూ ఉన్నాను.

పోయిన ఎండాకాలం సాగర్ దగ్గర రిసార్టు నడిపే ఒక పెద్దమనిషి కూతురి ఫొటోల కోసం వచ్చాడు. పిల్ల ఫొటోలు దిగుతుంటే ఆ పెద్దమనిషి పడవను అటూ ఇటూ తట్టి చూశాడు. మా ఆయన ఏళ్ల తరబడి చేసిన పని చూసి, నీళ్లమీద లంగరేసి గదిలా కిరాయికిస్తాను, పడవ నాకివ్వండి, నడిపేది మీరే అన్నాడు. ఇల్లు మొదలుపెట్టడానికి సరిపోయే ధర చెప్పాడు. వానలు పడి సాగర్ నిండేలోపు తేవాలి, అదొక్కటే షరతు. ఆ వారం నేను క్లాసులో రెండుసార్లు పిల్లలతో కలిసి నవ్వాను. మనసులో అప్పుడే నాకు చదునైన నేల, వీధిలోకి తెరుచుకునే తలుపు ఉన్నాయి.

తర్వాతి గురువారం ఆయన క్రేన్ మనిషిని తీసుకొచ్చాడు. నేను ఎడమ కాలులో టెస్టు పేపర్లు దిద్దుతున్నాను. కిటికీ తెరిచి ఉంది. కింద టేపు సాగుతున్న చప్పుడు వినపడుతోంది.

“గల్లీ ఇరవై నాలుగు ఫీట్లు,” అన్నాడు క్రేన్ మనిషి. “కరెంటు స్తంభాలు పోను ఇరవై ఒకటి. పడవ పందొమ్మిదే. నిలువుగ ఉంటే ఒక్క పూటల గుంజేస్త సార్. గిట్ల అడ్డం ఉన్నది గద, ఈ రెండు గోడల నడుమ తిరగదు. ఇండ్లమీదికెళ్లి లేపుదమంటే అంత పెద్ద క్రేను ఈ గల్లీల నిలవడదు, వీళ్లూ ఒప్పుకోరు. ఎవరు పెట్టిండ్రన్నా గిట్ల?”

ఆయన ఎప్పటిలాగే, “అట్లనే వచ్చింది,” అన్నాడు.

“ముప్పై నాలుగు ఫీట్లది గీ గల్లీల నుంచి అడ్డం ఎట్లొస్తది?”

టేపు చర్రున చుట్టుకున్న చప్పుడైంది. తర్వాత మా ఆయన గొంతు వినపడింది. “నేనే పెట్టిచ్చిన. తెల్వక చేసిన. తప్పు నాదే.”

నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఎవరిదో పిల్లవాడి పేపరు వెనక్కి తిప్పి లెక్క వేశాను. ముప్పై నాలుగు వర్గం, పంతొమ్మిది వర్గం, రెండూ కలిపితే పదిహేను వందల పదిహేడు. కర్ణం సుమారు ముప్పై తొమ్మిది అడుగులు. ప్లాటు వెడల్పు ముప్పై ఆరు. మూడడుగులు తక్కువ. తిప్పకముందు ఉన్నట్టే ఉండి ఉంటే ఆ పడవ ఏనాడో తిన్నగా గల్లీలోంచి వెళ్లిపోయేది. ఇన్నేళ్లూ నేను గల్లీని తిట్టాను, ఆయన్ని తిట్టాను. వారానికి మూడుసార్లు బోర్డుమీద వేసే లెక్క ఇంట్లో ఒక్కసారి వేసుకోలేదు.

వాళ్లు వెళ్లిపోయాక టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. “ఎప్పట్నుంచి తెలుసు మీకు?”

“ఏంది?”

“తిప్పడం వల్లే ఇరుక్కుందని.”

ఆయన గ్లాసులోకి చూశాడు. “పక్కోళ్లు పునాదులు తీసిన నాడు. టేపు పెట్టి చూసిన.”

“మరి అప్పుడే చెప్పొచ్చుగా. గోడలు లేవకముందే మళ్లీ తిప్పేసేవాళ్లం కదండీ!”

“మీ అమ్మ దవాఖానల ఉండె. రోజు నన్ను అడుగుతుండె, బాబూ, గుమ్మం తూర్పుకే ఉంది కదా అని. ఉంది అత్తమ్మా అంటుంటి. తిప్పేసినంక ఎట్ల చెప్పాలె గా మాట?”

“అమ్మ పోయాక?”

“అప్పటికే గోడలు లేచినయ్. ఇగ చెప్పి ఏం లాభం, నువ్వు పరేషాన్ అవుడు తప్ప.”

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. “ఎనిమిదేళ్లు! ఎనిమిదేళ్లు నాతో తిట్టించుకున్నారా?” అని అరిచాను.

“తిడితే ఏమైతది,” అన్నాడు. “తిట్టినంక చాయ్ మంచిగ పెడ్తుంటివి.”

అప్పుడు ఏడ్చాను. పక్కింటి బాత్రూములో ఎవరో నీళ్లు కట్టేసి మరీ విన్నారు.

ఒకటే దారి మిగిలింది, కోయడం. ఆ మాట ఆయనే అన్నాడు. “నడుమకు కోస్త. రెండు కాళ్లు వేరుచేసి, ఆడ మల్ల అతికిస్త. నాకొచ్చిన పనే గద.” మాట తేలిగ్గానే అన్నాడు గానీ, ఆ సాయంత్రం మధ్య గది నేలమీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అందులో ప్రతి అతుకూ ఆయన వేసిందే. ఈసారి లెక్క నేను వేశాను. సగం పడవ తొమ్మిదిన్నర అడుగులు. దాని కర్ణం ముప్పై ఐదు అడుగుల నాలుగు అంగుళాలు. ముప్పై ఆరులో తిరుగుతుంది, ఎనిమిది అంగుళాలు మిగులుతుంది. కాగితం ఆయన చేతికిచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మీర్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని సామాను మార్చాం. మధ్య గదిలో సుద్దదారంతో గీత కొట్టి, మిషన్ పెట్టి రెండు రోజులు కోశాడు. తెల్లటి పొడి గల్లీ అంతా పడింది, ఎవరూ ఏమీ అనలేదు. గుమ్మాన్ని మాత్రం ముందే ఊడదీసి, బొంతలో చుట్టి నాకిచ్చాడు. సగాలు ఒక్కొక్కటే గోడల మధ్య తిరిగాయి. గోడకూ పడవకూ మధ్య నేను చెయ్యి పెట్టి చూశాను, నా లెక్క తప్పలేదు. ట్రైలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా గల్లీ గణపతి మండపం వాళ్లు నిమజ్జనానికి చేసినట్టే ముందు నడుస్తూ వెదురుకర్రలతో కరెంటు తీగలు పైకెత్తి పట్టారు. ఆయన ట్రైలర్ మీదే కూర్చుని వెళ్లిపోయాడు.

ఆయన సాగర్‌లో అతికించే పనిలో ఉన్న నెలలు నేను ఆ కిరాయి గదిలో ఉన్నాను. పడవ మీద బెంగ పెట్టుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం. నేల చదునుగా ఉంది, వీధిలోకి తలుపుంది, హాయిగా పడుకున్నాను. బెంగ ఆయన మీదే. ప్లాటులో పునాదులు తీసేటప్పుడు మేస్త్రీ గుమ్మం ఎటని అడిగాడు. గల్లీ వైపే పెట్టమన్నాను.

“వీధిపోటమ్మా,” అన్నాడు.

“తెలుసు,” అన్నాను.

నీళ్లలో దింపాక మొదటిసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నమైంది. చిన్న పడవలో తీసుకెళ్లి ఎక్కించారు. మధ్య గదిలో నేలమీద పొడవునా అతుకు గీత ఉంది, నునుపు చేసినా తెలుస్తోంది. గుమ్మం తన చోటికి వచ్చేసింది. గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూర్చున్నప్పుడు ఎదురుగా గుట్టలున్నాయి. కాసేపటికి చూస్తే గుట్టలు లేవు, ఒడ్డున రిసార్టు కనపడుతోంది. ఇంకాసేపటికి వట్టి నీళ్లు. పడవ ఎటూ పోలేదు. ముక్కు దగ్గర లంగరు తాడు కట్టి ఉంది, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతోంది, ఎవరూ ముట్టుకోకుండానే. నీళ్లలో ఉన్నప్పుడు మీ ఇష్టం బాబూ అన్న అమ్మ గొంతు అంత స్పష్టంగా వినపడింది.

రిసార్టు పెద్దమనిషి ఎవరో చుట్టాలను చూపించడానికి తీసుకొచ్చాడు. కోసి తెచ్చిన కథంతా చెప్పి, మా ఆయన వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు, “ఇంతమంది ఉన్నరు, ఒక్కరికీ తట్టలే. ఏమనుకొని అడ్డం పెట్టినవయ్యా ఆ గల్లీల?”

ఆయన తాడు దగ్గర వంగి ఉన్నాడు. “అట్లనే—” అని మొదలుపెట్టాడు.

“ఆయన కాదండీ, నేనే తిప్పించాను,” అన్నాను. “ఆయన వద్దన్నా నేనే.”

పెద్దమనిషి చుట్టాలను లోపలికి తీసుకెళ్లాడు. మా ఆయన తలెత్తి నా వైపు చూడలేదు. బిగుసుకునే ఉన్న ముడిని ఇంకోసారి బిగించాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“గాలి మారింది. కుర్చీ జర ఇటు జరుపుకో, ఆడ ఎండ పడ్తది నీకు.”